చంకలో పాలచుక్క

1979లో నాకు ఇరవై ఏడేళ్ళు. మా ఇల్లు నర్సీపట్నంలో, నేను పనిచేసే సబ్ సెంటరు మాకవరపాలెం వెళ్ళే దారిలో. సబ్ సెంటరంటే ఆసుపత్రిని ఊహించుకోకండి. ఒక పెంకుటింటి ముందుగది, ఒక బల్ల, తలుపు సరిగ్గా పడని బీరువా, గోడకి టీకాల పట్టిక, అంతే. నేను అక్కడ ఏఎన్ఎంని. ఇళ్ళకి వెళ్ళి చూలాళ్ళని చూడడం, కాన్పులు చేయడం, ఆ తరవాత బాలింతనీ బిడ్డనీ కనిపెట్టుకుని ఉండడం నా పని. నాకు ఐదు ఊళ్ళు, ఒక సైకిలు ఇచ్చారు. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి సైకిలు తొక్కుకుంటూ పోతుంటే మొదట్లో పిల్లలు కేకలేస్తూ వెంటపడేవారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళకీ విసుగొచ్చింది.

ఆ ఉద్యోగంలోనే తల నెరిసింది. ఎన్ని కాన్పులు చేశావని అడిగితే చెప్పలేను. మరిచిపోలేనిది ఏదంటే మాత్రం తడుముకోను. నిజానికి అది కాన్పు ముచ్చట కూడా కాదు, కాన్పయ్యాక ఆరు రోజుల ముచ్చట.

కడుపుతో ఉన్నప్పుడూ, కన్న తరవాతా ఒంట్లో ఏమేం మారతాయో మాకు ట్రైనింగులో చెప్పింది మహా అయితే ఒకటిన్నర పేజీ. ఊళ్ళలోకి వచ్చాక ఆడవాళ్ళు అడిగినవి ఆ పేజీన్నరలో ఎక్కడా లేవు. "నర్సమ్మగారూ, బొడ్డు కింద ఈ నల్లగీత ఏటండీ?" అని ఒకావిడ. "పెళ్ళినాటి సెప్పులు పట్టట్లేదు, కడుపుతో ఉంటే కాళ్ళు కూడా పెరిగిపోతాయేటి?" అని ఇంకొకావిడ. పళ్ళు తోముకుంటే నెత్తురొస్తోందని, మూడోనెల బిడ్డని ఒళ్ళో పెట్టుకుని తల దువ్వుకుంటే చేతి నిండా జుట్టు వచ్చేస్తోందని. నా దగ్గర అన్నిటికీ ఒకటే మాట ఉండేది. "అదంతేనమ్మా, అదే తగ్గిపోతుంది." సగం తెలిసి అనేదాన్ని, సగం తెలియక అనేదాన్ని. వాళ్ళకి తేడా తెలిసేది కాదు, తెల్లచీర కదా!

రత్నం మాత్రం వేరే రకం పిల్ల. పూర్తి పేరు నూకరత్నం, పంతొమ్మిదేళ్ళది, చెరకు రైతు కూతురు. తొలికాన్పుకి ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. తన ఒంట్లో ఏం మారినా ఆ పిల్ల భయపడేది కాదు, ముచ్చటపడేది. ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టు మెల్లగా మాట్లాడేది. "ఈ గీత నోపల్నించి బిడ్డే గీస్తన్నాదేమోనండీ, దారి తెలవడానికి" అంది ఒకసారి, పొట్ట మీద వేలు పెట్టి. ఇంకోసారి నేను బిడ్డ గుండె చప్పుడు వింటుంటే, "నాకూ వినిపిస్తాదండీ, మద్దేనం పూట పడుకుంటే. ఏట్లో ఎవులో గుడ్డలుతుకుతున్నట్టుంటాది" అంది. అలా వినిపించదని నాకు తెలుసు. అయినా కాదని అనబుద్ధి కాలేదు. వాళ్ళింటికి వెళ్తే నాకే కాసేపు కూర్చోవాలనిపించేది. పెరటి అవతల జీడితోట పూత మీద ఉండేది, గానుగ దగ్గర బెల్లం వండుతున్న వాసన మంచుతో పాటు ఇంట్లోకి వచ్చేది, ఆ పిల్ల మాటలు వింటుంటే నాకూ కళ్ళు మూతలు పడేవి.

తల్లి అప్పలనరసమ్మ దానికి పూర్తిగా ఎదురు. గట్టి మనిషి. నేను ఏ మాత్ర ఇచ్చినా, "ఇదేటి? ఎందుకు? ఏసుకోపోతే ఏటవుద్ది?" అని మూడు ప్రశ్నలడిగితే గాని పుచ్చుకునేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

మంగళవారం పొద్దున్న రత్నం సుఖంగా ప్రసవించింది, ఆడపిల్ల. బొడ్డు కోసి, స్నానం చేయించి, పాప తల్లి రొమ్ము అందుకునేదాకా ఉండి వచ్చేశాను. శుక్రవారం పోస్ట్‌నేటల్ విజిట్‌కి, అంటే కాన్పయ్యాక తల్లినీ బిడ్డనీ చూసే తనిఖీకి, మళ్ళీ వెళ్ళాను.

పురిటిగదిలో సాంబ్రాణి పొగ, వాము వాసన. రత్నం రెండు చేతులూ ఒంటికి తగలకుండా, ఎండకి రెక్కలు దించిన కోడిలా కూర్చుని ఉంది. ఏమైందంటే తల దించుకుంది. మరీ మరీ అడిగితే రవికె చెయ్యి పైకి జరిపి చూపించింది. చంకలో నిమ్మకాయంత గడ్డ. రెండో చంకలోనూ అంతే.

నేను యాబ్సెస్ అనుకున్నాను. అంటే చీముగడ్డ. బాలింతకి గడ్డ అనగానే మాకు ముందు తోచేది అదే. జ్వరం లేదు, చర్మం ఎర్రబడలేదు, రెండు పక్కలా అచ్చం ఒకేలా ఉంది. ఇవన్నీ చూశాను. చూసి కూడా ఆలోచించలేదు. పెన్సిలిన్ ఇంజక్షన్ ఇచ్చి, వేడి కాపడం పెట్టమన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎవరూ అడగకుండానే ఇంకో మాట కూడా అన్నాను.

"చీము పాలలోకి దిగుతుందేమో. గడ్డలు తగ్గేదాకా పాపకి పాలు ఆపీండి. పంచదార నీళ్ళు, బార్లీ పట్టండి."

"అలగేనమ్మా" అంది అప్పలనరసమ్మ. ఒక్క ప్రశ్న అడగలేదు. ఈవిడ ఇంత సులువుగా నా మాట విన్నదేమిటా అని దారిపొడుగునా సంతోషపడ్డాను కూడా.

శనివారం వేరే ఊళ్ళో టీకాలు. ఆదివారం పొద్దున్న చర్చికి బయల్దేరాను. మా నాన్న సంఘపెద్ద, నేను ముందు బెంచీలో కనపడకపోతే ఊరుకోడు. అయినా ఎందుకో మనసు పీకుతూ ఉంది. ఒక్కసారి చూసి ఆరాధన వేళకి వచ్చేద్దామని, పండగ చీరతోనే సైకిలెక్కాను.

గడ్డలు కోడిగుడ్డంత అయ్యాయి. రత్నం రొమ్ములు కూడా రాళ్ళలా గట్టిపడి ఉన్నాయి. అంతకంటే నన్ను భయపెట్టింది పాప. ఏడవడం లేదు. పెదాలు ఎండిపోయాయి, బుగ్గ మీద వేలు పెడితే అటు తిరగడం లేదు. నిన్న సాయంత్రం నుంచి ఒక్కసారే గుడ్డ తడిపిందట.

"మంచిపిల్ల నర్సమ్మగారూ, గొడవ సెయ్యట్లేదు" అంది రత్నం మగతగా. 

వాకిట్లో అప్పలనరసమ్మ పళ్ళెంలో పసుపుకొమ్ములు ఏరి పెట్టుకుంటోంది. ఎందుకని అడిగాను.

"సురకెట్టీడానికి. పసుపుకొమ్ము కాల్సి రెండు సంకల్లోనూ ఎడితే సీము ఆరిపోద్ది. గానుగ కాడి నించి నిప్పులు తెమ్మని కబురెట్టినాను. మద్దేనం లోపల అయిపోవాల."

"మీకు మతి పోయిందా? పచ్చి బాలింతకి వాతలు పెడతారా?"

"మీరు సెప్పిన కాపడం రెండ్రోజులూ సేసినాను గదండీ. ఏటైనాది? ఇంకా పెరిగింది."

 నర్సీపట్నం ఆసుపత్రి డాక్టరమ్మగారిని అడుగుదామని, సైకిలు తీసుకోవడానికి పెరటి వైపు వచ్చాను. కంచె మీద రత్నం విడిచిన రవికె, ఇంకా ఉతకనిది, వేలాడుతూ ఉంది. దానికి చీమలు పట్టాయి. బెల్లం వండే రోజుల్లో ఆ ఊళ్ళో చీమలకేం కరువు! కానీ ఆ చీమలు రవికె అంతా లేవు. ముందు పక్క రెండు చోట్ల, చంకల దగ్గర రెండు చోట్ల, నాలుగంటే నాలుగే చోట్ల గుంపులు కట్టి ఉన్నాయి. రొమ్ముల దగ్గర సరే, పాలు కారి ఉంటాయి. చంకలో కారేది చెమట. చెమటకి చీమలెందుకు వస్తాయి? చీమలు దులిపి చంక దగ్గర బట్ట ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పాల వాసన.

"నేను తిరిగి వచ్చేదాకా నిప్పు ముట్టుకోకండి" అని అప్పలనరసమ్మకి చెప్పి సైకిలెక్కాను. ఆవిడ పసుపుకొమ్ములు ఏరడం ఆపలేదు.

నర్సీపట్నంలో డాక్టరమ్మగారు ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నారు. రొప్పుకుంటూ అంతా చెప్పాను. చీమల సంగతి చెప్పగానే నవ్వారు.

"పాలేనమ్మా అవి. చంకలో కూడా పాలే. దాన్ని యాక్సెసరీ బ్రెస్ట్ అంటారు. మనం కడుపులో ఉన్నప్పుడు అందరికీ చంక నుంచి తొడ దాకా రెండు వైపులా ఒక గీత ఏర్పడుతుంది, పాలగీత. కుక్కకీ మేకకీ ఆ గీత మీదే కదా పొదుగులు వచ్చేది? మనకి రొమ్ముల దగ్గర మాత్రం నిలిచి, మిగతాది చెరిగిపోతుంది. కొందరికి చంకలో కాస్త మిగిలిపోతుంది. జన్మంతా అక్కడ ఉన్నట్టే తెలియదు. కన్నాక పాలు పడినప్పుడు అది కూడా నిద్ర లేస్తుంది."

"మరేం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకూడదు. వేడి తగలనివ్వకు, పిసకనివ్వకు. చల్లటి తడిగుడ్డ వెయ్యి. బిడ్డ తాగుతూ ఉంటే వారం పది రోజుల్లో అదే అణిగిపోతుంది. బిడ్డ తాగుతోందిగా?"

"నేను ఆపమన్నానండీ."

డాక్టరమ్మగారి నవ్వు పోయింది. "ఎన్నాళ్ళయింది?"

"రెండు రోజులు."

"ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? ముందు తల్లి పాలు పట్టించు. అందుకోకపోతే తల్లినీ బిడ్డనీ బండెక్కించి నా దగ్గరికి తీసుకురా" అన్నారు.

ఆ తిరుగు ప్రయాణం ఇప్పటికీ నాకు కలలా గుర్తు. చర్చి పక్క నుంచే వెళ్ళాను. లోపల పాట పాడుతున్నారు. ఎండ వచ్చినా చెరకు తోటల మీద పలచగా మంచు ఇంకా ఉంది. ఎంత తొక్కినా సైకిలు కదులుతున్నట్టు లేదు. డాక్టరమ్మగారు చెప్పిన పాలగీత మాటే బుర్రలో తిరుగుతోంది. రత్నం అన్నదీ ఇలాంటిదే కదా, లోపల్నుంచి బిడ్డే గీత గీస్తోందని! ప్రభువా, ఆ పాప అలాగే ఉండాలి, ఆ నిప్పులు ఇంకా వచ్చి ఉండకూడదు అని పైకే అంటూ తొక్కాను.

నిప్పులు వచ్చేశాయి. కుండపెంకులో కణకణలాడుతున్నాయి, పసుపుకొమ్ము ఒకటి వాటిలో గుచ్చి ఉంది. అప్పలనరసమ్మ కూతురి చెయ్యి పట్టుకుని పైకెత్తుతోంది. రత్నం కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"ఆగండి!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను అరవడం అదే మొదలు, అదే ఆఖరు. "అది చీము కాదు, పాలు. డాక్టరమ్మగారు చెప్పారు. మొన్న నేను చెప్పింది తప్పు."

"సంకలో పాలేటి?" అంది అప్పలనరసమ్మ. చెయ్యి మాత్రం వదిలింది.

నేను వాదన పెట్టుకోలేదు. చేతులు కడుక్కుని పాపని రత్నం ఒళ్ళో పెట్టాను. పాప నోరు తెరవలేదు. రెండు చుక్కలు పిండి పెదాల మీద వేశాను. లేదు. మళ్ళీ వేశాను. అరికాలు గిల్లాను. ముగ్గురు ఆడవాళ్ళం ఆ చిన్న నోటినే చూస్తున్నాం. ఎంతసేపో తెలియదు. నాలుక కొస కదిలింది. ఇంకో చుక్క నాకింది. ఉన్నట్టుండి కెవ్వుమని ఏడ్చి, ఆ ఏడుపుతోనే రొమ్ము అందుకుంది.

పాప గుటకలు వేస్తున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. పెంకుల సందులోంచి ఒక ఎండగీత రత్నం భుజం మీద పడింది. ఆ వెలుతురులో, ఎత్తి పెట్టుకున్న చేతి కింద చంకలో, సూదిమొన అంత సన్నటి బెజ్జం నుంచి తెల్లటి చుక్క ఊరింది. చూస్తుండగానే పెద్దదై జారింది. దాని వెనక ఇంకోటి.

"అమా! సూడే!" అని రత్నం కళ్ళు విప్పుకుని నవ్వింది. "అక్కడ కూడా ఇది ఏడిస్తే వినిపిస్తన్నాదే!"

నేను ఆ చుక్కని వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. "పాలే పెద్దమ్మా. తియ్యగా ఉన్నాయి. విషం కాదు, చీము కాదు. పాప తాగకూడనిది ఇందులో ఏమీ లేదు."

అప్పలనరసమ్మ ఆ కుండపెంకు వంక చూసింది. అది తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఓడిపోయిందని కోపం వచ్చిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, గెలిచానని నాకు లోపల కాస్త పొంగుగానే ఉంది. పాప రెండో పక్క కూడా తాగి, గుడ్డ తడిపి, నిద్రపోయాక తడిగుడ్డ వేసే పద్ధతి చెబుదామని పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది.

"బాలింతకి నీళ్ళు కూడా కొలిచి ఇవ్వకండి పెద్దమ్మా. అడిగినన్ని..." అని మొదలుపెట్టాను.

ఆవిడ కుడి చెయ్యి ఎత్తింది. రవికె అలవాటు లేని మనిషి. చంకలో ముడతలు పడ్డ పాత మచ్చ, రూపాయి బిళ్ళంత. ఎడమ చెయ్యి ఎత్తింది. అక్కడా అంతే.

"నాకూ ఇలాగే అయినాది నర్సమ్మగారూ. రత్నానికి ముందు. మగపిల్లోడు."

నేను ఆవిడ పక్కన కూలబడ్డాను.

"మా అత్త సురకెట్టినాది. అది సరే, కాలింది, మానింది. పాలు ఆపీమన్నారండీ. గుండెల నిండా పాలు. ఆడు ఏడుస్తంటే సీర తడిసిపోయీది. పిండి ఈ మట్టిలోనే పోసీదాన్ని. పదో రోజుకి ఆడు ఏడవడం మానీసినాడు."

"పాలు ఎవరు ఆపమన్నారు, మీ అత్తగారా?"

"కాదండీ. మీలాంటి తెల్లసీర ఆవిడే. పట్నం నించి వొచ్చినాది. మంచిదే పాపం, రెండు మైళ్ళు నడిసొచ్చినాది. పాలలోకి సీము దిగుద్ది, ఆపీమన్నాది."

శుక్రవారం నేను అన్న మాటే, ఇంచుమించు అవే ముక్కలు. ఆవిడ నన్ను ఒక్క ప్రశ్న కూడా ఎందుకు అడగలేదో అప్పుడు తెలిసింది.

"ఆపక ముందు మూడ్రోజులు తాగినాడండీ ఆడు" అంది. "ఆ మూడ్రోజుల పాలే సంపీసినాయని ఊరంతా అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ భయానికి రత్నానికి ఒక్క చుక్క ఇవ్వలేదు. మేకపాలతో పెంచినాను. అయితే నా పాలు మంచియేనేటి?"

"మంచివే పెద్దమ్మా."

"ఆడు తాగుంటే బతికీవోడా?"

'అదంతేనమ్మా' అన్న నా మాట అక్కడ పనికిరాలేదు. దేవుడి చిత్తం అనొచ్చు, ఏమో ఎవరికి తెలుసనొచ్చు. రెండూ నాలుక చివరి దాకా వచ్చాయి. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"బతికేవాడనే అనుకుంటున్నాను" అన్నాను. "తప్పు మీది కాదు. మాది."

ఆవిడ ఏడవలేదు. కొంగు సర్దుకుంది. నాకే ఏడుపు ఆగలేదు. చివరికి ఆవిడే నా వీపు మీద చెయ్యి వేసి, "ఊరుకోండమ్మా. ఓ పని సేసిపెట్టండి. ఈ మాట మా ఆయనకి కూడా ఓపాలి సెప్పండి. నేను సెప్తే నమ్మడు. మీ నోటితో సెప్పండి. ఆ తెల్లసీర కట్టుకొచ్చి సెప్పండి" అంది.

మర్నాడు తెల్లచీర కట్టుకుని తిన్నగా గానుగ దగ్గరికే వెళ్ళాను. రత్నం తండ్రి పెనంలో పాకం కలుపుతున్నాడు. ఆవిరిలో ఆయన మొహం సరిగ్గా కనపడలేదు. అంతా చెప్పాను, మొన్నటి నా తప్పుతో సహా. "మీ అబ్బాయి మీ ఆవిడ పాల వల్ల పోలేదు. ఆ పాలు ఆపమని చెప్పినందుకు పోయాడు. చెప్పింది మా మనిషి" అన్నాను. ఆయన కలపడం ఆపేశాడు. తెడ్డు పక్కవాడి చేతిలో పెట్టి, తువాలుతో మొహం తుడుచుకుని ఇంటి వైపు నడిచాడు. పాకం ముదిరిపోతోందని కూలీలు కేకేసినా వెనక్కి తిరగలేదు. ఇంట్లో భార్యతో ఏమన్నాడో నాకు తెలియదు, నేను అడగలేదు.

పదకొండో రోజు పురిటిస్నానం వేళకి వెళ్తే రత్నం చంకలు మామూలుగా ఉన్నాయి. పాప బుగ్గలు వచ్చాయి. "ఆ చుక్క మళ్ళీ రాలేదండీ" అని రత్నం కాస్త దిగులుగానే చెప్పింది.

తరవాతి ఏళ్ళలో నా దగ్గరికి ట్రైనింగుకి వచ్చిన పిల్లలందరికీ ఈ కేసు చెప్పాను. చంకలో పాలుంటాయని వాళ్ళు నోట్సు రాసుకునేవారు. రాసుకోండి గాని నేను నేర్చుకున్నది అది కాదు అనేదాన్ని. బాలింతని చూసే ముందు ఆ ఇంట్లో పెద్దావిడని కూర్చోబెట్టి, 'నీకెలా అయిందమ్మా?' అని అడగండి. చెప్పేదాకా సంచీ విప్పకండి. మీరు ఇవాళ అన్న మాట మీరు బదిలీ అయి వెళ్ళిపోయాక కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. అది తప్పని తేలితే, దాన్ని ఎవరు అన్నా సరే, మీరే వెళ్ళి చెప్పండి. అప్పలనరసమ్మకి ఆ మాట అన్నావిడ ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆవిడ కట్టుకున్న చీరే నేనూ కట్టుకున్నాను.